శాలీన శబ్దార్థము - సుగాత్రీ దాంపత్యము

పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయము పదునాఱవ శతాబ్దమున నంద్యాల ప్రభువును, ఆర్వీటివంశీయుఁడును అగు కృష్ణరాజున కంకితమైన ప్రబంధము. ఎనిమిది యాశ్వాసముల యీ కావ్యమునకుఁ బురాణేతిహాసములందు మూలము లేదు. కథ యంతయుఁ గవికల్పితము. దీని కథాసంవిధానమును విమర్శకులు పలుతెఱఁగులఁ బరిశీలించిరి. 1914వ సంవత్సరమున వెలువడిన కట్టమంచి రామలింగారెడ్డిగారి ‘కవిత్వతత్త్వవిచారము’ సూరన కృతులనే ప్రధానవిషయముగాఁ గైకొన్నది. 2002వ సంవత్సరమున వెల్చేరు నారాయణరావుగారును, డేవిడ్ షుల్మన్‌గారును దీని నాంగ్లమున కనువదించి ప్రకటింపఁగా నన్యదేశీయులకును ఈ కావ్యము పరిచితమైనది. అయినను ఈ గ్రంథమును జేతఁబట్టినవారు తఱచుగాఁ గథలోని చిక్కుముడులను విప్పుటయందే మగ్నులగుదురు. పాఠము సెప్పువారు శృంగారమను శంకచే నడుమనున్న యొక చిన్న కాఁపురపుఁ గథను ద్వరితముగా దాఁటిపోవుటయుఁ గలదు. అది సుగాత్రీశాలీనుల వృత్తాంతము. చెడఁబోయిన యొక దాంపత్యమును గూర్చి తెలుఁగుకవి యొకఁడు చేసిన సూక్ష్మవిచారణ యందున్నది. ఆ విచారణకుఁ దాళపుఁజెవి నాయకుని పేరియందే కలదని నిరూపించుట యీ వ్యాసమునకుఁ బ్రయోజనము.

కథ సంగ్రహముగా నిట్టిది. కాశ్మీరదేశమున శారదాపీఠము నాశ్రయించి జీవించు కుటుంబమున సుగాత్రి యను కన్య గలదు. శాలీనుఁడను బ్రాహ్మణయువకుని దెచ్చి యామెకుఁ బెండ్లిచేసి, ఇల్లటపుటల్లునిఁగా నింటనే నిలుపుకొనిరి. సుగాత్రి సర్వాభరణభూషితయై పడకటింటికి వచ్చును. శాలీనుఁడు సిగ్గుచేఁ దలవంచుకొని యూరకుండును. రాత్రులు వ్యర్థముగా గడచుచుండును. సింగార మెంత హెచ్చినను ఫలము లేదు. తుద కల్లుఁడు పూఁదోఁటపనికి నియుక్తుఁడగును. అతఁ డందులకుఁ జిన్నవోక పనిలోఁ బ్రవేశించును. ఒకనాఁడు గొప్పవాన కురియును. ఉఱుములకును మెఱుపులకును మగఁడేమయ్యెనో యని సుగాత్రి పరితపించి తోఁటకుఁ బోవును. అతఁడు క్షేమముగా నుండుటఁ జూచి యూఱడిల్లి, నగలు దీసిపెట్టి, చీర బిగించి, తానును దోఁటపనికిఁ బూనుకొనును. పాటుపడుచున్న యాలిని శాలీనుఁడు చూచును. చూచుట యన్నది యాతనికి నదియే మొదలు. అచ్చటనే వారి దాంపత్యము ఫలించును. ఆ రాత్రి సుగాత్రి సంతోషాతిశయముచే మరల నలంకరించుకొని శయ్యాగృహమునకు వచ్చును. శాలీనుఁడు మరల నెప్పటి శాలీనుఁడే యగును. అప్పు డామెకుఁ గారణము స్ఫురించును. అది మొదలామె నిరాడంబరముగాఁ దోఁటకుఁ బోయి మగనితోఁగూడఁ బనిసేయుచు సుఖించును.

ఇందు మొదట విచారింపవలసినది నామకరణము. కవికల్పితమగు కథలోఁ బేరులును గవికల్పితములే గావున నవి యాదృచ్ఛికములని తలఁపరాదు. పాణిని యైదవ యధ్యాయపు రెండవ పాదమున శాలీన కౌపీన శబ్దములను నిపాతనముచే సాధించెను. అందు శాలీనశబ్దమునకు అధృష్టుఁడని, అనఁగా జంకుగలవాఁడని యర్థము. కాశికావృత్తి చూపిన వ్యుత్పత్తిని బట్టి శాలాప్రవేశమున కర్హుఁడు శాలీనుఁడు. ఉత్తరపదమగు ప్రవేశశబ్దమునకు లోపమును, ఖఞ్ ప్రత్యయమును, ఖకారమునకు ఈనాదేశమును గలిగి శాలీనరూపము సిద్ధించును. శాల యనఁగా నిల్లు. వెలుపల నలుగురిలో మెలఁగుటకు ధైర్యము చాలక యింటిలోఁ జొచ్చుటకే తగినవాఁడని లోకమున నీ శబ్దమునకుఁ బరిహాసగర్భితమైన రూఢి యేర్పడెను.

ఇప్పుడు సూరన చేసిన చమత్కారమును బరికింపుఁడు. నిఘంటువును మాత్రమే చూచువానికి శాలీనుఁడనఁగా సిగ్గరి. కథలోని నాయకుఁడును సిగ్గరియే. పేరు సరిపోయినదని యతఁడు తృప్తిపడును. వ్యుత్పత్తిని జూచువానికి మఱియొక యర్థము తోఁచును. ఇల్లటపుటల్లుని యునికికి శాలాప్రవేశమే మూలము. అతఁడు పెండ్లియాడినది కన్యనే యైనను, పొందినది యొక గృహప్రవేశము. ఆ యింటిలోనున్నంతసేపు నతఁడు శాలీనుఁడు. తోఁటలోఁ గాలుపెట్టిన వెంటనే శబ్దప్రవృత్తినిమిత్తమగు శాల తొలఁగుచున్నది. నిమిత్తము తొలఁగఁగా నైమిత్తికమగు నధృష్టతయుఁ దొలఁగుచున్నది. రాత్రి మరల శాలాప్రవేశము, మరల శాలీనత. ఒక తద్ధితాంతపదము యొక్క వ్యుత్పత్తిని బాత్రలుగాను, స్థలములుగాను, దినచర్యగాను విస్తరించి కథగా మలచుట సామాన్యకవులకు సాధ్యము గాదు.

నాయిక పేరును నిట్టిదే. గాత్రశబ్దము స్వాంగవాచకమే యైనను సంయోగోపధ మగుటచే సామాన్యసూత్రమునుబట్టి దానికి స్త్రీత్వమున ఙీష్ ప్రాప్తింపదు. అంగ గాత్ర కంఠ శబ్దములకు వైయాకరణులు దానిని బ్రత్యేకముగాఁ జెప్పిరి. అట్లు సిద్ధించిన సుగాత్రీశబ్దమునకు మంచి శరీరము గలదని యర్థము. కవి యామెకు హేమాంగియని గాని, మణిభూషణయని గాని పేరిడలేదు. ఆమె సొబగు గాత్రమునఁ గలదు; నగలయందు లేదు. పేరియందే వెల్లడియైన యీ సత్యమును గనుఁగొనుట కొకరికి సిగ్గును, ఒకరికి సింగారమును అడ్డుపడినవి. వ్యుత్పత్త్యర్థ మెఱుఁగక తమ పేరులను దాము మోయుచున్న యిరువురు దంపతుల కథ యిది.

సుగాత్రి కారణము నెఱిఁగిన తీరును శాస్త్రజ్ఞులు మెచ్చఁదగినదే. ఆమె యడిగి తెలిసికొనలేదు. అతఁడు నోరువిప్పి చెప్పలేదు. అలంకారము గలచోట ననురాగము లేకుండుటయు, అది లేనిచోట ననురాగము గలుగుటయుఁ జూచి యామె నిర్ణయించుకొన్నది. ఇది యన్వయవ్యతిరేకములను బట్టి చేసిన నిర్ణయము. అయిన నిచ్చట నొక యాక్షేపము పుట్టును. పడకటింట రెండుపాధులు గలవు: ఇల్లొకటి, నగలొకటి. తోఁటలో నీ రెండును లేవు. కావున శాలీనుని జంకునకు నగలు కారణమా, ఇల్లు కారణమా యను ప్రశ్న తెగదు. నిరాభరణయై పడకటింట నిలిచిన సుగాత్రియు, సర్వాభరణములతోఁ దోఁటలో నిలిచిన సుగాత్రియుఁ గనఁబడినఁ గదా యీ సంశయము తీఱును! సుగాత్రి నగలనే తప్పుపట్టినది. కవి పెట్టిన పేరు ఇంటినిఁ దప్పుపట్టుచున్నది.

ఈ యాక్షేపమునకు సమాధానము కథలోనే కలదు. ఆ నగ లెవ్వరివి? ఆమె తనయంతఁ దాను గోరి పెట్టుకొన్నవి గావు, ఇల్లు పెట్టినవి. అల్లుఁడు ప్రసన్నుఁడగుటకై యింటివారు చేయించిన సింగార మది. పడకటింటి తలుపు మూసినను ఆ నగల రూపమున నత్తయు, చెలులును, ఇరుగుపొరుగును లోపలనే యుందురు. కాఁబట్టి నగలనఁగా మేనిమీఁదికి వచ్చిన శాలయే. రెండుపాధులుగాఁ గనఁబడినది నిజమున కొకటే. సుగాత్రి నిర్ణయమును, కవి నామకరణమును నిట్లు సమన్వయము నొందుచున్నవి. ఆమె యింటను నగలు దీసి నిలిచి పరీక్షింపక, తోఁటకే పోవుచుండుట వలనను ఆమె హృదయ మీ యేకత్వము నెఱిఁగినదనియే చెప్పవచ్చును.

ఇఁక రసవిచారము. శృంగారమునుండి హాస్యము పుట్టునని భరతుని మతము. అనౌచిత్యముచే నేరసమైనను హాస్యమునకు దారితీయునని యభినవగుప్తపాదులు విస్తరించిరి. ఈ కథలోని హాస్యమునకుఁ బ్రాణము విపరీతప్రయత్నము. మందు వేసినకొలఁది రోగము ముదురుచున్నది. రోగము ముదిరినకొలఁది మందు హెచ్చుచున్నది. ఒక్కొక్క రాత్రియు నొక్కొక్క నగ యెక్కువ, ఒక్కొక్క మాట తక్కువ. చదువరి నవ్వును. కాని యా నవ్వు పెదవి దాఁటకముందే చల్లారును. ఏలనఁగా దినదినమును దిరస్కృతయై తెల్లవాఱుసరికి నలుగురి కన్నుల నెదుర్కొనవలసిన యాఁడుబిడ్డ యొకతె యందున్నది. కాఁపుర మెట్లున్నదని యడుగువారందఱును దానిని జెఱుపుచున్నవారే. పరిహాసమునకుఁ గరుణము నీడవలె వెన్నంటుట యీ ఘట్టమునఁ గవి సాధించిన ఘనత.

హాస్యమునకుఁ బరాకాష్ఠ తోఁటలోని సమాగమము పిమ్మటి రాత్రియే. సామాన్యకవి యైనచో సమాగమముతోఁ గథ ముగించి మంగళము పాడియుండును. సూరన యట్లు చేయక, కృతజ్ఞతచే నామెను మరల నలంకరింపించెను. తన్నుఁ జేరఁదీసిన మగనికిఁ బ్రత్యుపకారముగా నామె యర్పించిన కానుక యాతని మరల దూరముచేసినది. ప్రేమ గలిగినంతమాత్రమునఁ దెలివి గలుగదని, దాంపత్యమున సద్భావముతోఁ జేసిన పనియే యొక్కొక్కప్పుడు కీడగునని యీ యొక్క ఘట్టముచేఁ గవి నిరూపించెను. ఈ రెండవ రాత్రి లేకున్నఁ గథ వట్టి శృంగారకథయై పోయెడిది.

పూర్వపక్షులు కొంద ఱిట్లందురు: దోషము శాలీనునిదే, ధర్మపత్ని చెంతనుండఁగా విముఖుఁడగువాఁడు నాయకుఁ డెట్లగును? వేఱుకొంద ఱందురు: దోషము సుగాత్రిదే, భర్త మనస్సు నెఱుఁగక తన యందమునే నమ్ముకొన్నది. ఈ రెండు వాదములును కథలోని యింటివారి వాదములే. దంపతులలో నొకరిని దోషిగాఁ బట్టనిదే లోకమునకు నిద్రపట్టదు. కవి యిరువురిని నిర్దోషులనుగాఁ జూపెను. శాలీనుఁడు సోమరి కాఁడు, కఠినుఁడు కాఁడు. పని చెప్పిన నోర్పుతోఁ జేసెను. సుగాత్రి గర్విష్ఠ కాదు, వానలోఁ బరుగెత్తినది. ఇద్దఱు మంచివారు గూడినను గాఁపురము కుదురకపోవచ్చును. ఆ దోషము వారిని గూర్చిన విధానమునందుండవచ్చును. ఇదియే సిద్ధాంతము. ఇల్లటపుటాచారము రాయలసీమలో నెఱుఁగనిది కాదు. పూర్వపు మద్రాసు రాజధానిలోని న్యాయస్థానములు రెడ్లలోను గమ్మవారిలోను దీనిని ధర్మ్యమైన యాచారముగా నంగీకరించి, ఇల్లటపుటల్లునికి దాయభాగమును నిర్ణయించినవి. న్యాయస్థానము భూమిలోని భాగమును నిర్ణయింపఁగలదు. అల్లుఁడు తల యెత్తి మెలఁగుటకుఁ జోటు కల్పింపఁజాలదు. ఆ చోటు నొక తోఁటలోఁ జూపినవాఁడు సూరన.

ఈ విషయమునందు దేశాంతరకళయు నిట్టి విచారణయే చేయుచున్నది. టర్కీదేశపు చలనచిత్రదర్శకుఁడు నూరీ బిల్గే జేలాన్ ‘శీతనిద్ర’ యను నర్థమిచ్చు పేరుతో నిర్మించిన చిత్రము 2014వ సంవత్సరమున కాన్ చిత్రోత్సవమున నత్యున్నతపురస్కారమును బొందినది. అందు కప్పడోకియా ప్రాంతమున నొక యతిథిగృహమును నడుపు పూర్వనటుఁడు ఐదిన్, అతని చిన్నవయసు భార్య నిహాల్ ఒకే కప్పుక్రింద నెడమొగము పెడమొగముగా నుందురు. ఆ గృహము పేరు ‘ఒథెల్లో’ యగుటయే యొక చేఁదు పరిహాసము. మంచు కురియుచుండఁగా వారు మాటలాడుదురు. మాట వెంట మాటగా నొకరి నొకరు కోసికొందురు. ఐదిన్ ఇల్లు విడిచి పోవ యత్నించి, కొంత దూరము పోయి తిరిగివచ్చును. తుది వేఁడుకోలు నతఁడు మనస్సులోనే పలుకును గాని నోటఁ బలుకఁడు. అచ్చట మాట హెచ్చి దాంపత్యము చెడినది. ఇచ్చట మాట లేక చెడఁబోయినది. అచ్చటి గృహస్థుఁడు వెలుపలికిఁ బోయినను నింటినిఁ దనతోఁ దీసికొనిపోయెను. శాలీనుఁడు దానిని దోఁటవాకిటనే విడిచెను. అందువలననే యొక కథ నిట్టూర్పుతోను, ఒకటి ఫలముతోను ముగిసినవి. ఇద్దఱును గలసి చేయఁదగిన పని యొకటి దొరకుట, దొరకకపోవుట యను భేదమే యిందులకు హేతువు.

కృతిభర్త యేలిన నంద్యాలకు దక్షిణముగా ఆళ్లగడ్డ, దాని చెంత నల్లమలలో నహోబిలక్షేత్రము గలవు. 2022వ సంవత్సరమున నేర్పడిన నంద్యాల జిల్లాలో నీ రెండును జేరియున్నవి. అహోబిలమున నృసింహస్వామి చెంచులక్ష్మిని వలచి పెండ్లాడెనను కథ యీ సీమలో నాబాలగోపాలప్రసిద్ధము. ఆదిలక్ష్మికిఁ జెంచులక్ష్మికిని గలిగిన సవతికయ్యము చెంచునాటకములందు జనులను నవ్వించుచు వచ్చినది. సంక్రాంతి మరునాఁడు కనుమతో నారంభించి, స్వామి పల్లకిలో సుమారు నలుబది దినములు చుట్టుప్రక్కల పల్లెలయందు సంచరించును. దీనిని బారువేట యందురు. తన కల్యాణమునకుఁ బ్రజలను దానే పిలుచుటకు వచ్చుచున్నాఁడని పల్లెవాసుల విశ్వాసము. సూరన యీ కథనుండి తన కథను గ్రహించెనని చెప్పుట కాధారము లేదు. అట్లు చెప్పుట యిచ్చట నుద్దేశమును గాదు. కాని యొక సాదృశ్యము గమనింపఁదగినది. హిరణ్యకశిపుని చంపిన పిమ్మటను జల్లాఱని యుగ్రమూర్తికి శాంతి గలిగించినది వైకుంఠపు సింగారము గాదు. అడవిలోఁ దేనెయు దుంపలును సేకరించి బ్రతుకు కన్య. పెండ్లికొడుకై స్వామి గర్భాలయమును వెడలి పొలములను దిరుగును. పెండ్లి నిలుచుటకుఁ బెండ్లికొడుకు శాల వెడలవలెనని యీ సీమ యాచారమును, ఈ సీమలో నంకితమైన కావ్యమును వేర్వేఱు భాషలతోఁ జెప్పుచున్నవి.

ఇందు మఱియొక విశేషము గలదు. నగలను దోషముగాఁ జూపిన యీ కవి యెవ్వఁడు? రాఘవపాండవీయకర్త. ఒకే పద్యమున రామకథయు భారతకథయుఁ బొసఁగించి, శబ్దాలంకారమునకుఁ దుదిమెట్టు నెక్కినవాఁడు. అలంకారము స్థానము దప్పినచో నవ్వులపాలగునని క్షేమేంద్రుఁ డౌచిత్యవిచారమునఁ జెప్పెను. సూరన దానిని సూత్రముగాఁ జెప్పక, వ్యాఖ్యానింపక, ఒక యాలుమగల కథగా నడపెను. ఆభరణముల బరువుక్రింద గాత్రము కనఁబడకపోవుట సుగాత్రికి మాత్రమే గాదు, ప్రబంధకవితకును గలిగిన యాపద. ఆ యాపదను బాగుగా నెఱిఁగినవాఁడు నగలు చేయ నేర్చిన కంసాలియే గదా! అందుచేతనే కాఁబోలు, తోఁటలోని యీ ఘట్టమునందు వర్ణనకంటెఁ బనికే ప్రాధాన్యము హెచ్చినది. కవి యిచ్చట సుగాత్రివలెనే తన నగలను గొంత దీసి గట్టున నుంచెను.

సుగాత్రీశాలీనుల కథ యింతటితో ముగియలేదు. కావ్యమున వారే సుముఖాసత్తి మణిస్తంభు లను పేరులతో మరలఁ గనఁబడుదురు. కథానాయకుఁడగు కళాపూర్ణునకు సుముఖాసత్తి తండ్రియు, మణిస్తంభుఁడు తల్లియు నగుదురు. ఆలు మగఁడయ్యెను, మగఁ డాలయ్యెను. కావ్యమున కాధారమగు బ్రహ్మసరస్వతుల సల్లాపమే యీ విపర్యాసమునకుఁ గారణమని పాఠకు లెఱుఁగుదురు. వైయాకరణదృష్టికి నిందు మఱియొక విలాసము గోచరించును. ఆసత్తిశబ్దము క్తిన్నంతమై స్త్రీలింగము. అది తండ్రికి వచ్చినది. స్తంభశబ్దము పుంలింగము, అది తల్లికి వచ్చినది. లింగము శబ్దమునకుఁ జెందినదా, వస్తువునకుఁ జెందినదా యని శాస్త్రకారులు విచారించు ప్రశ్నను గవి పరిహాసముగాఁ జేసి పాఠకుల చేతఁబెట్టెను. కాని యీ విపర్యాసమునకు నంకురము తోఁటలోనే కలదు. పూలు ముడుచుకొనవలసినది మన్ను త్రవ్వినది. పడకటింట నాజ్ఞాపింపవలసినవాఁడు తలవంచెను. ఆలుమగలకు లోకము నియమించిన వేషములను వా రా వాననాఁడే కొంత మార్చుకొనిరి. పిమ్మటి యద్భుతము దానికిఁ గొనసాగింపు మాత్రమే.

కావున నీ వృత్తాంతమును బ్రాసంగికమనియో, విద్యార్థులకుఁ జెప్పరానిదనియో తొలఁగించుట న్యాయము గాదు. కళాపూర్ణోదయమున నద్భుతములు పెక్కు గలవు. కాని మానవులు తమ బుద్ధిచేతను, దమ చేతిపనిచేతను జెడిన దానిని బాగుచేసికొన్న ఘట్టము లంతటి పెక్కు గావు. అట్టివానిలో నిది తలమానికము. శాలీనశబ్దమును బాఠము సెప్పునప్పుడు సిగ్గరియను నర్థముతో నూరకుండక, శాలాప్రవేశమును, ప్రవేశశబ్దలోపమును వివరించి, పిదప నీ కథను జదివించినచో విద్యార్థికి వ్యాకరణము కావ్యమునకుఁ గన్నని తెలియును. కాఁపురము కుదురని యింట నెవ్వరిది తప్పని యడుగుటకు ముందు, ఆ యిరువురకును దలుపు వెలుపల నొక తోఁట యున్నదా యని యడుగవలెనని తెలియుటయు దానితోఁబాటు గలుగు ఫలము.